పనిముట్ల పెట్టె: పెళ్లిపీటలూ, చౌక ట్రిమ్మరూ

ప్రశ్న: ఆర్యా, మాది ఉద్దానంలో ఒక పల్లె. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు మా పెరటి పనసచెట్టు కూకటివేళ్లతో కూలిపోయింది. పొయ్యిలో పెట్టడానికి మనసొప్పక, మొద్దును కోతమిల్లులో పలకలుగా కోయించి పశువుల పాకలో పేర్చి ఉంచాను. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. ఆ పలకలతో పెళ్లిపీటలు నా చేత్తోనే చేయాలని 1,900 రూపాయలు పెట్టి ఒక ట్రిమ్మరు (చెక్క అంచులు కోసే చిన్న కరెంటు మిషను), మరికొంత పెట్టి దానికి తగిలించే పన్నెండు కోత బిట్ల పెట్టె కొన్నాను. మొదటి పీట అంచు గుండ్రం చేయబోతే మిషను నా చేతిని లాక్కుపోయింది, అంచు రెండుచోట్ల నల్లగా మాడింది, చివరికి ఒక మూల పేడు లేచిపోయింది. చౌక సరుకు అంతేనని మా వీధి వడ్రంగి తీర్పు చెప్పాడు. దీన్ని పక్కన పెట్టి పది వేల రూపాయల మిషను కొనమంటారా?
– ఒక ఉపాధ్యాయుడు, వజ్రపుకొత్తూరు మండలం, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కొనవద్దు. మీరు రాసిన మూడు తప్పులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా మిషను ధరకు సంబంధించినది కాదు. పది వేల మిషనును కూడా మీరు నడిపిన వైపే నడిపితే అదీ లాక్కుపోతుంది, బరువూ బలమూ ఎక్కువ కనుక ఇంకాస్త గట్టిగా లాక్కుపోతుంది. ఆ డబ్బు పెళ్లి ఖర్చుకు ఉంచుకోండి. అందులో ఒక ఆరేడు వందలు మాత్రం వేరే పనికి తీయిస్తాను, అది తరువాత చెబుతాను.

ముందు లాక్కుపోవడం సంగతి చూద్దాం. మిషనును నిలువుగా పట్టుకుని పైనుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. పలక బల్లమీద కదలకుండా బిగించి ఉంది, మీరు మీ పొట్టకు దగ్గరగా ఉన్న అంచును కోస్తున్నారు అనుకోండి. మిషనును ఎడమ నుంచి కుడికి నడిపితే బిట్టు చెక్కకు ఎదురుబడి కొరుకుతుంది, చెక్క మిషనును కొద్దిగా వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడును కాచుకుంటూ మీ చెయ్యి ముందుకు సాగుతుంది. కుడి నుంచి ఎడమకు నడిపారంటే మాత్రం బిట్టు అంచు మీద బండిచక్రంలా పరుగు తీస్తుంది. మీకు జరిగింది అదే. పలక నాలుగు వైపులా తిరగవలసి వచ్చినప్పుడు ఈ కుడి ఎడమల లెక్క తికమక పెడుతుంది కనుక, నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు నేను ఇంకో గుర్తు చెప్పేవాణ్ణి. అరసవల్లిలో స్వామి చుట్టూ మనం తిరిగేది ప్రదక్షిణం. పలక బయటి అంచు చుట్టూ మిషను తిరగవలసింది సరిగ్గా దానికి ఎదురు, అంటే అప్రదక్షిణం. పటం కట్టే ఫ్రేము లోపలి అంచులాగా, కన్నం లోపల కోసేటప్పుడు మాత్రం ప్రదక్షిణమే. ఈ గుర్తు ఒకసారి విన్నవాడు మళ్లీ దారి తప్పగా నేను చూడలేదు. పలక నడుమ గాడి తీయడం వేరే వ్యవహారం. మిషనును మీ దగ్గర నుంచి అవతలికి తోస్తుంటే అది ఎడమకు ఒరగాలని చూస్తుంది, కనుక ఆనుకోవడానికి పెట్టే తిన్నని బద్దను ఎడమవైపే బిగించాలి. కుడివైపు బిగిస్తే గాడి పాములా మెలికలు తిరుగుతుంది.

ఇక మాడడం. దీనికి కారణం చాలావరకు భయం. మిషను ఒకసారి లాగేసరికి మీ చెయ్యి జంకి ఉంటుంది, జంకిన చెయ్యి నెమ్మదిగా నడుస్తుంది, నెమ్మదిగా నడిస్తే చెక్క మాడుతుంది. లెక్క చూడండి. ఈ చిన్న ట్రిమ్మర్లు ఖాళీగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 30,000 చుట్లు, అంటే సెకనుకు 500 చుట్లు తిరుగుతాయి. బిట్టుకు సాధారణంగా రెండు కోతంచులు ఉంటాయి కనుక చెక్కకు సెకనులో వెయ్యి కోతలు పడతాయి. మీటరు పొడవున్న అంచును 20 సెకన్లలో దాటితే ఒక్కొక్క కోతకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు చెక్క లేస్తుంది, అది పలచని పొట్టుగా రాలి, పుట్టిన వేడిని తనతో తీసుకుపోతుంది. అదే మీటరుకు నిమిషం తీసుకుంటే కోతకు దక్కేది అరవయ్యో వంతే, అప్పుడు బిట్టు కోయడం మాని రాచుకోవడం మొదలుపెడుతుంది. పొట్టుకు బదులు పిండి రాలుతుంది, చెక్క మాడుతుంది, ఆ వేడికి బిట్టు మొద్దుబారుతుంది, మొద్దుబారిన బిట్టు ఇంకా ఎక్కువ మాడుస్తుంది. కనుక పని చేస్తున్నప్పుడు నేలమీద ఏం రాలుతున్నదో ఒక కంట కనిపెట్టండి, చెవిని కూడా వాడుకోండి. మిషను గొంతు తగ్గి మూలిగితే భారం ఎక్కువైందని, సన్నగా కీచుమంటూనే ఉంటే మీరు ఒకచోట తారట్లాడుతున్నారని అర్థం.

అయితే తొందరగా నడపాలంటే ఒకేసారి ఎక్కువ లోతు కోయకూడదు. అంచును గుండ్రం చేసే 6 మిల్లీమీటర్ల బిట్టును మీరు మొదటి విడతలోనే పూర్తిగా దించి ఉంటారు. ట్రిమ్మరుకు అది మోయలేని పని. విడతకు రెండు మిల్లీమీటర్లు మించకుండా నాలుగు విడతలుగా దించండి. చివరి విడతకు అర మిల్లీమీటరే మిగిల్చి ఎక్కడా ఆగకుండా ఒకే ఊపున లాగించారంటే, అంతకుముందు పడిన మాడు మచ్చలు కూడా దానితో కొట్టుకుపోతాయి. మీ మిషనుకు వేగం తగ్గించే మీట లేదు కదా అని ఫ్యాను రెగ్యులేటరు తగిలించే ఆలోచన మాత్రం చేయకండి. అది ఫ్యాను మోయడానికి చేసిన వస్తువు, ఐదారు వందల వాట్ల మోటారుకు అది ఆగదు.

మూల లేచిపోవడానికి కారణం మీరు అంచులు కోసిన వరుస. చెక్క నారకు అడ్డంగా ఉండే రెండు పొట్టి అంచులను ముందు కోసి, నార వెంబడి ఉండే పొడుగు అంచులను తరువాత కోయాలి. అడ్డపు అంచు చివర బిట్టు బయటికి వచ్చేచోట నారకు వెనుక ఆసరా ఉండదు, అక్కడ కొంచెం పేడు లేవడం సహజం. ఆ పేడును తరువాతి పొడుగు కోత తుడిచేస్తుంది. మీరు పొడుగు అంచుతో మొదలుపెట్టి అడ్డపు అంచుతో ముగించారు, తుడిచేవాళ్లు లేకపోయారు. ఎందుకైనా మంచిదని ఆ చివర ఒక పనికిరాని ముక్కను పలకకు ఆనించి బిగిస్తే, లేచే పేడేదో ఆ ముక్కకే లేస్తుంది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే పన్నెండు బిట్ల పెట్టె అనగానే నాకు గుండె ఝల్లుమంది. బిట్టు కాడను పట్టుకునే భాగాన్ని కోలెట్టు అంటారు. ఈ ట్రిమ్మర్లలో కొన్నింటికి 6 మిల్లీమీటర్ల కోలెట్టు, కొన్నింటికి పావు అంగుళం కోలెట్టు ఉంటాయి. పావు అంగుళం అంటే 6.35 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల కాడ పావు అంగుళం కోలెట్టులో చక్కగా దూరుతుంది, పానాతో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, కానీ పట్టు ఉండదు. నేను మొదటి ట్రిమ్మరు కొన్నప్పుడు అంగడిలో కలిపి ఇచ్చిన బిట్లు 6 మిల్లీమీటర్లవి, మిషను పావు అంగుళానిది. సొరుగు పక్కపలకకు 6 మిల్లీమీటర్ల లోతున గాడి తీస్తున్నానని అనుకుంటూ అవతలి కొసదాకా వెళ్లి, మిషను ఎత్తి చూస్తే, మొదట్లో 6 ఉన్న లోతు చివరికి వచ్చేసరికి 11 అయింది. అదురుకు బిట్టు కొంచెం కొంచెంగా కిందికి జారుతూ వచ్చిందన్నమాట. 12 మిల్లీమీటర్ల పలకకు కింద మిగిలింది ఒక్క మిల్లీమీటరు మందం. పలక పోతే పోయింది, ఆ బిట్టు పూర్తిగా ఊడి ఎగిరి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ కోలెట్టు మీద, బిట్టు కాడ మీద ఏ కొలత రాసి ఉందో ఇవాళే చూడండి, రాసి లేకపోతే వెర్నియరు కాలిపరుతో కొలిపించండి. రెండూ కలవకపోతే ఆ పెట్టెను వాపసు చేయండి. కలిస్తే, ప్లగ్గు ఊడదీసి, కాడను అడుగుదాకా దించి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి, రెండు పానాలతో బిగించండి. అడుగుకు ఆనించి బిగిస్తే నట్టు బిగిసినా కోలెట్టు కాడను సరిగా పట్టదు.

చౌక మిషనుకు సొంత లోపాలు లేవని నేను అనను, ఉన్నాయి. లోతును ఆపే మర అదురుకు వదులవుతుంది కనుక ప్రతి విడతకు ముందు చూసుకోవాలి. అడుగుపీట అరచెయ్యంత కూడా ఉండదు, అంచు కోసేటప్పుడు అందులో సగం గాలిలో ఉంటుంది కనుక మిషను బయటికి ఒరిగిపోతుంది. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో ఒకవైపు పొడుగ్గా సాగిన అడుగుపలక చేసి మరలతో బిగించి, ఆ పొడుగు కొసను ఎడమచేత్తో పలకమీదికి అదిమి పట్టుకుంటే ఆ ఒరుగుడు పోతుంది. అన్నింటికన్నా చెడ్డది స్విచ్చి. అది జరిపితే జరిగి అక్కడే ఉండిపోయే రకం. మన ఊళ్లలో పని మధ్యలో కరెంటు పోవడం వింత కాదు. మిషను ఆగింది కదా అని బల్లమీద పడుకోబెట్టి మీరు టీ తాగడానికి వెళతారు, పావుగంటకు కరెంటు వస్తుంది, మిషను తనంతట తానే లేచి బల్లమీద గంతులు వేస్తుంది. కరెంటు పోగానే ముందు స్విచ్చి ఆపి, తరువాత ప్లగ్గు ఊడదీసి, ఆ తరువాతే టీ సంగతి చూడాలి.

తీయిస్తానన్న ఆరేడు వందల సంగతి ఇది. మీ పెట్టెలోని పన్నెండు బిట్లలో ఈ పీటలకు కావలసింది ఒక్కటి, కొనకు బేరింగు ఉన్న గుండ్రం బిట్టు. దాని ఒక్కదాన్నీ కాస్త పేరున్న కంపెనీది, కార్బైడు అంచు ఉన్నది, మీ కోలెట్టుకు సరిపడే కాడ ఉన్నది కొనండి. రెండు వేల మిషనుకు మంచి బిట్టు పెడితే పని మంచిగా వస్తుంది. పది వేల మిషనుకు నాసిరకం బిట్టు పెడితే రాదు. పెట్టెలో ఉన్నాయి కదా అని 25 మిల్లీమీటర్ల వెడల్పున్న పెద్ద బిట్లను ట్రిమ్మరుకు ఎక్కించకండి. నిమిషానికి 30,000 చుట్ల మీద అంత వెడల్పు బిట్టు అంచు గంటకు 140 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఆగకుండా పోయే బండికి కూడా అంత వేగం ఉండదు.

చెక్క విషయంలో మీరు అదృష్టవంతులు. బొబ్బిలి వీణలు చేసేది పనసతోనే, గొల్లపల్లిలో ఒకే మొద్దును తొలిచి ఏకాండి వీణ తీస్తారు. మామూలుగా గాలికి ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అంటారు, మీ పలకలు ఇన్నేళ్లు నీడన ఉన్నాయి కనుక ఆ బెంగ లేదు. పచ్చని రంగు పోయి గోధుమరంగుకు తిరిగి ఉంటే అది చెడిపోవడం కాదు, పనస గుణమే అది. నార అక్కడక్కడ ఎదురు తిరుగుతుంది కనుక మొదట అదే మొద్దువి పనికిరాని ముక్కలు ఒక అరడజను తీసుకుని, వాటి అంచులన్నీ గుండ్రం చేసి చూసుకోండి. పీట అంచును ముందు చిత్రిక పట్టి నునుపు చేయడం మరవకండి, ఎందుకంటే బిట్టు బేరింగు ఆ అంచు మీద దొర్లుతూ అక్కడున్న ప్రతి గుంటనూ గుండ్రంలోకి దించుతుంది. మాడిన ఆ మొదటి పీటను పారేయకండి. అంచును నాలుగు మిల్లీమీటర్లు కోసేసి మళ్లీ మొదలుపెడితే అది కూడా పెళ్లికి అందుతుంది.

ప్రశ్న: అయ్యా, మా వారు వంటగది అరలకు సన్‌మైకా అంటించి, అంచులు ట్రిమ్మరుతో కొడుతున్నారు. పని హాలులోనే జరుగుతోంది. పొడి బియ్యం డబ్బాలోకి కూడా చేరుతోంది. మా అత్తగారికి ఆయాసం. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదా అని ఆయన వాదిస్తున్నారు.
– ఒక గృహిణి, రాజాం

జవాబు: చాలదమ్మా. తువ్వాలులో ఆగేది కంటికి కనబడే పొట్టు, ఊపిరితిత్తుల్లోకి దిగేది కనబడని పిండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఉన్న అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే కర్రపొడిని మనుషులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. నాలుగు అరలు చేసుకునేవారికి రోజంతా మిల్లులో ఉండేవారికి ఉన్నంత ప్రమాదం లేకపోవచ్చు, కానీ ఆయాసం ఉన్న మనిషికి ఆ పొడి ఆ పూటే పగ సాధిస్తుంది. పనిని డాబా మీదికో పెరట్లోకో మార్చమనండి, ఆయనను ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు, చెవులకు అడ్డు పెట్టుకోమనండి, పని అయ్యాక చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తుడవమనండి, ఆ బట్టలతో అత్తగారి గదిలోకి వెళ్లవద్దనండి. తువ్వాలు విషయం ఇంకొకటి ఉంది. మెడలో వేలాడే తువ్వాలు, లుంగీ కొస, పొడుగు చేతుల చొక్కా తిరిగే బిట్టు దగ్గర ఉండకూడదు. చేతి తొడుగులు కూడా అంతే, బిట్టు దారప్పోగును అందుకుంటే వేలిని కూడా లాక్కుంటుంది. సన్‌మైకా పనిలో ఆయనకు పనికివచ్చే మాట కూడా ఒకటి చెబుతాను. అంచున పొంగిన జిగురు బేరింగుకు అంటుకుంటే అది తిరగడం మాని సన్‌మైకాను గీరేస్తుంది, కనుక కోయడానికి ముందే ఆ జిగురును గోకి తీసేయాలి.

ప్రశ్న: ట్రిమ్మరుతో టేకు పలకమీద మా నాన్నగారి పేరు చెక్కి గుమ్మానికి పెట్టాలని ఉంది. ఇంగ్లీషు అక్షరాలు పరవాలేదుగానీ తెలుగు అక్షరాలు వంకర పోతున్నాయి. కిటుకు ఏమిటి?
– ఒక ఐటీఐ విద్యార్థి, నెల్లిమర్ల

జవాబు: కిటుకు మీ చేతిలో కంటే అక్షరంలో ఉంది. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలలో తిన్నని గీతలు ఎక్కువ, బద్ద ఆనించి కోసేయవచ్చు. మన అక్షరాలు దాదాపు అన్నీ గుండ్రాలే. గుండ్రం తిప్పుతున్నప్పుడు బిట్టు ఒకసారి నార వెంబడి, ఒకసారి నారకు అడ్డంగా, ఒకసారి ఏటవాలుగా పోతుంది, మెత్తటి చోట ముందుకు దూకుతుంది, గట్టిచోట వెనకాడుతుంది. ‘ర’ అనే ఒక్క అక్షరంలో చెయ్యి నాలుగుసార్లు ఈ మార్పును ఎదుర్కొంటుంది. అందుకే ఒకేసారి లోతుగా దించకుండా మొదటి విడత ఒక మిల్లీమీటరే కోయాలి. ఆ పలుచని గాడే రెండో విడతకు దారి చూపిస్తుంది. మణికట్టు గాలిలో ఉంటే పని చెడుతుంది, రెండు చేతుల అంచులూ పలకకు ఆని ఉండాలి.

తిన్నటి బిట్టు కన్నా కొన తేలిన వి-బిట్టు వాడండి. మూడు మిల్లీమీటర్ల తిన్నటి బిట్టుతో అంతకన్నా సన్నని గీత రాదు, ‘ణ’లోనూ ‘ఘ’లోనూ ఉండే ఇరుకు మలుపులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 60 డిగ్రీల వి-బిట్టును రెండు మిల్లీమీటర్లు దించితే గీత వెడల్పు 2.3 మిల్లీమీటర్లే వస్తుంది. 90 డిగ్రీలది అయితే అదే లోతుకు నాలుగు వస్తుంది కనుక పెద్ద అక్షరాలకు దాన్ని ఉంచుకోండి. అక్షరం ఎత్తు 75 మిల్లీమీటర్లకు తగ్గితే చేత్తో చెక్కడం నాకైతే ఇప్పటికీ కుదరదు. ఒత్తులకూ దీర్ఘాలకూ పైనా కిందా చోటు వదలడం మరిచిపోయి పలక కోసుకునేవారు చాలామంది ఉన్నారు, ముందు పేరు మొత్తాన్ని కాగితం మీద అసలు కొలతలో రాసి, పలకమీద అంటించి చూసుకోండి. కాగితం మీదుగానే చెక్కేయవచ్చు, తరువాత తడిపి ఊడదీస్తే సరిపోతుంది.

వరుసలో కూడా ఒక జాగ్రత్త ఉంది. ముందు అక్షరం లోపలి సున్నలను, తరువాత ఒంటిని, చివరకు తలకట్టును చెక్కండి. తలకట్టు ఏటవాలుగా ఉండే పొట్టి గీత, చెయ్యి అలవాటు పడ్డాకే అది అన్ని అక్షరాలకూ ఒకే వాలులో పడుతుంది. చెక్కడం అయ్యాక గాడిలో మిగిలిన నూగును గరుకు కాగితంతో రుద్దకుండా, పాత టూత్‌బ్రష్షుతో నార వెంబడి దులిపి, ఆ తరువాతే రంగు నింపండి.